టెక్సాస్‌లో రైఫిల్.. కొత్తకోటలో మెకానిక్!

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. వీడియో కాల్. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు. వాడికి అక్కడ పొద్దున పది. తెర మీద మనిషి కనిపించలేదు. బల్ల, బల్ల మీద తువ్వాల, తువ్వాల మీద ఒక రైఫిల్!

"మామా, దీన్ని గుర్తుపడ్తవా?"

గుర్తుపట్టకేం? ఈఎంఈలో ఆర్మరర్‌గా పదిహేడేళ్లు చేసినవాణ్ని. తుపాకులు విప్పడం, బాగు చేయడం, మళ్లీ బిగించడం.. అదే నా ఉద్యోగం. వాడు కెమెరాను దగ్గరికి తెచ్చాడు. బోల్ట్ పిడి వెనక, కర్ర మొదలయ్యే చోట ఉక్కు మీద అచ్చు ఉంది. కిరీటం, దాని కింద జీఆర్ఐ, ఇషాపూర్, 1943. అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా కోల్‌కతా దగ్గరి మన ఫ్యాక్టరీలో తయారైన సరుకు. మనందరం 'త్రీనాట్‌త్రీ' అని పిలుచుకునే లీ ఎన్‌ఫీల్డ్. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ భుజాన, ఎన్‌సీసీ పిల్లల చేతుల్లో మీరు చూసే ఉంటారు. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే నాడుగానీ దానికి వీడ్కోలు చెప్పలేదు.

మన సైన్యం వాడి పక్కన పెట్టినవి ఎన్నో ఏళ్ల కిందటే సర్‌ప్లస్ కింద అమెరికా చేరాయి. అక్కడ దుకాణాల్లో దొరుకుతాయి. మావాడికి అక్కడి పౌరసత్వం వచ్చింది, చట్టప్రకారమే కొన్నాడు. గద్వాల పిల్లగాడు సముద్రాలు దాటిపోయి ఇషాపూర్ తుపాకి కొనుక్కోవడం నాకు నవ్వు తెప్పించింది.

"కర్ర నల్లబడ్డది మామా. ప్లాస్టిక్‌ది తెప్పించిన. నువ్వు చూస్తుండు, గంటల బిగిస్త" అన్నాడు.

పక్కన ఒక అట్టపెట్టె. అందులో నైలాన్ లాంటి ప్లాస్టిక్‌తో పోసిన నల్లటి బట్టు, ముందు భాగం. వీటిని పాత మిలిటరీ రైఫిళ్ల కోసమే అక్కడ తయారు చేసి అమ్ముతారు. వానకు ఉబ్బవు, ఎండకు పగలవు, బరువు తక్కువ. నేను ప్లాస్టిక్‌కు శత్రువునేం కాదు. అస్సాం తేమలో ఉబ్బిన కర్రలతో కుస్తీ పట్టినవాడికి దాని విలువ తెలుస్తుంది. కాకపోతే బరువు తగ్గితే భుజం మీద దెబ్బ పెరుగుతుంది. ఆ మాట చెప్పాను. వాడు వినలేదు. అప్పటికే పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని బట్టు వెనక రంధ్రంలో దూర్చాడు.

"ఆగరా!" అని నేను వేసిన కేకకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ముందు కర్ర ముందే విప్పాలి

ఈ రైఫిల్‌కు కర్ర ఒకటి కాదు, రెండు. వెనక భుజానికి ఆనేది బట్టు. ముందు గొట్టం కింద ఉండేది వేరే ముక్క. బట్టును ఒక పొడుగు బోల్టు బిగించి ఉంచుతుంది. పాత నంబర్ వన్ రకంలో ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, ముందు కర్ర వెనక అంచులో ఉన్న చిన్న ఇనుప రేకులో కూర్చుంటుంది. బోల్టు దానంతటది వదులు కాకుండా ఆ ఏర్పాటు. ముందు కర్ర ఉండగానే వెనక బోల్టు తిప్పితే ఆ నలుచదరం కొస తిరుగుతూ కర్రను నిలువునా చీలుస్తుంది. ట్రైనింగ్‌లో మాకు మొదటి వారమే నేర్పిన పాఠం ఇది.

సరే, ముందు నుంచి మొదలుపెట్టించాను. మూతి దగ్గరి ఇనుప టోపీ, పట్టీలు, పై కర్ర, తర్వాత ట్రిగ్గర్ గార్డ్. మధ్యలో ఒక చిన్న స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందకు పోయింది. దాన్ని వెతకడానికి ఇరవై నిమిషాలు. ముందు కర్ర ఊడి వచ్చాక లోపలి వైపు చూపించమన్నాను. ఎనభై ఏళ్ల కిందట ఎవరో బెంగాలీ వడ్రంగి ఉలితో సరిచేసిన గీతలు అలాగే ఉన్నాయి. అడ్డంగా ఒక మర కూడా ఉంది. కర్ర చీలకుండా మన ఇషాపూర్ వాళ్లు వేసే మర అది. దాన్ని బట్టే చాలామంది మన రైఫిల్‌ని గుర్తుపడతారు. బట్టు మీద 'ఎస్' అని అచ్చు ఉంది. అంటే పొట్టి సైజు. సిపాయి చేతుల పొడవును బట్టి అర అంగుళం తేడాతో బట్టులు ఉండేవి. మావాడు ఆరడుగులవాడు. వాడికది పొట్టిదే.

"కర్రను పారెయ్యకు. ఒక్క ముక్క కూడా కొయ్యకు. ఎప్పుడన్నా వెనక్కి బిగించుకునేటట్టు ఉండాలె" అని మాట తీసుకున్నా. రాత్రి పదకొండు దాటింది. నాకు నిద్ర ముంచుకొస్తోంది. మిగతాది నువ్వే చేసుకో అని ఫోన్ పెట్టేశాను. అక్కడ తప్పు చేశాను.

శుక్రవారం పొద్దున వాడి మెసేజ్. "అయిపోయింది మామా. ట్రిగ్గర్ మస్తు సాఫీగున్నది. ఊరికే వేలు పెడితే చాలు. రేపు రేంజ్‌కు పోతున్న."

చాయ్ గ్లాసు కింద పెట్టేసి వెంటనే ఫోన్ చేశాను. ఈ రైఫిల్ ట్రిగ్గర్ సాఫీగా ఉండకూడదు. అది రెండు నొక్కుల ట్రిగ్గర్. మొదటి నొక్కు మెత్తగా వస్తుంది, తర్వాత ఒక చోట ఆగుతుంది, ఆ తర్వాత గట్టిగా లాగితేనే పేలాలి. మొదటి నొక్కు మాయమైందంటే లోపల ఏదో జరగకూడనిది జరిగినట్టే.

మ్యాగజైన్ తీయించాను. ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి చూడమన్నాను. తూటాల డబ్బా వేరే గదిలో పెట్టించాను. గొట్టాన్ని ఇటుక గోడ వైపు తిప్పించి, "ఇప్పుడు బోల్టును జోరుగ కొట్టి మూయి. ట్రిగ్గర్ ముట్టకు" అన్నాను.

మూశాడు. 'టక్' అని చప్పుడు.

ముట్టుకోకుండానే పడిపోయింది. ఇంకోసారి చేయించాను. మళ్లీ టక్. వాడి ముఖం ఫోన్‌లో తెల్లబడటం చూశాను. మరుసటి రోజు రేంజ్‌లో నిజం తూటా పెట్టి అదే జోరులో మూసి ఉంటే? పక్క బల్ల దగ్గర ఎవరు నిలబడి ఉండేవారో!

కారణం చెబుతాను. ఈ రకంలో ట్రిగ్గర్ ఉండేది తుపాకి ఉక్కు బాడీలో కాదు, కింద ట్రిగ్గర్ గార్డ్‌లో. బాడీకీ, గార్డ్‌కీ మధ్యలో ఉండేది కర్ర. అంటే కర్ర మందమే ట్రిగ్గర్ ఎంత దూరంలో ఉండాలో నిర్ణయిస్తుంది. ఉబ్బినా, కుంగినా పట్టు మారిపోతుంది. అందుకే తర్వాత వచ్చిన నంబర్ ఫోర్ మార్క్ టూలో ట్రిగ్గర్‌ను బాడీకే తగిలించారు. పాతదానిలో ఆ దూరాన్ని కాపాడటానికి ముందు మర చుట్టూ ఒక చిన్న ఇనుప గొట్టంముక్క ఉంటుంది. కాలర్ అంటాం. మరను ఎంత బిగించినా కాలర్ దగ్గర ఆగిపోవాలి. మావాడు ఆ కాలర్‌ను పాత కర్రలోనే వదిలేశాడు. ప్లాస్టిక్ మీద మరను బలమంతా పెట్టి తిప్పాడు. ప్లాస్టిక్ నొక్కుకుపోయి గార్డ్ పైకి వచ్చింది. ట్రిగ్గర్ ముందుగానే లోపలి కొక్కేన్ని సగం లాగేసి కూర్చుంది.

కాలర్ మార్చి బిగించాక మొదటి నొక్కు తిరిగి వచ్చింది. బోల్టును పదిసార్లు కొట్టి మూయించాను. రబ్బరు చాప మీద బట్టును దడదడ కొట్టించాను. పడలేదు. అయినా సరే, అక్కడి గన్‌స్మిత్‌కు చూపించాకే రేంజ్‌కు పొమ్మన్నాను. ఫోన్‌లో చూసి 'బాగుంది' అనే హక్కు నాకు లేదు.

మా బావకు వెంటనే అర్థమైంది

ఆ వారంలోనే గద్వాల వెళ్లాను. అక్కకు ఏమీ చెప్పలేదు, బావకు చెప్పాను. బావ మగ్గం మనిషి. ఒంటి మీద నూలు, అంచుకు పట్టు. గద్వాల చీర అంటేనే ఆ రెండింటి కలయిక. ఒక్కో పోగుకూ మెలిక వేసి కలపాలి. అక్కడ లాగుడు తేడా వస్తే చీర చూడటానికి బాగానే ఉంటుంది, నాలుగు ఉతుకులకు అంచు దగ్గర ముడుచుకుపోతుంది. "నూలుకు ఒక లాగుడు, పట్టుకు ఒక లాగుడు. వానికి చిన్నప్పుడు మగ్గం మీద కూసోబెట్టకపోతిమి" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అక్కడి నుంచి తిరిగొస్తుంటే అచ్చంపేట వైపున్న నా పాత దోస్తు గుర్తొచ్చాడు. వాళ్ల తాత కాలం నాటి .315 రైఫిల్ లైసెన్సుతో ఉంది. అదీ ఇషాపూర్ సరుకే, అదే లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు. త్రీనాట్‌త్రీ మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, మామూలు మనుషులకు దొరకదు. సైన్యం తూటాలు బయటి తుపాకుల్లో పనిచేయకూడదని బ్రిటిష్‌వాళ్లు పెట్టిన తేడా అది, ఇప్పటికీ నడుస్తోంది. అందుకే మన జిల్లాల్లో ఎవరింట్లోనైనా రైఫిల్ ఉందంటే చాలావరకు .315.

వాడి రైఫిల్‌కు బట్టు మెడ దగ్గర పగులు. రాగి తీగ చుట్టి పెట్టాడు. "నువ్వున్నవ్ గదా, గొడ్డలికి కామ పెట్టినట్టు ఒక కట్టె చెక్కి పెట్టు" అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. చెక్కగలను. కానీ చెక్కను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి రిపేరు నడపడం నేరం. సైన్యంలో ఎన్ని వేల రైఫిళ్లు బాగు చేసినా ఇప్పుడు నేను మామూలు పౌరుణ్నే. పనిముట్లు ముట్టనివాడు టెక్సాస్‌లో తన తుపాకిని తానే విప్పుకుంటాడు. పని వచ్చినవాణ్ని నేను కొత్తకోటలో చేతులు కట్టుకుని చూడాలి. కోపం వస్తుందా అంటే, కొంచెం వస్తుంది. కానీ ఆ 'టక్' విన్నాక చట్టం మీద నా సణుగుడు తగ్గింది.

దోస్తును హైదరాబాద్‌లో లైసెన్సున్న డీలర్ దగ్గరికి పంపాను. లైసెన్సు పుస్తకం వెంట తీసుకుపొమ్మన్నాను. ఆ రాగి తీగతో మాత్రం ఒక్క తూటా కూడా కాల్చొద్దని ఒట్టు వేయించుకున్నాను. మెడ పగిలిన బట్టు విరిగేది భుజం దగ్గర కాదు, చెంప దగ్గర.

మొన్న డాలస్ నుంచి మళ్లీ ఫోన్. గన్‌స్మిత్ చూశాడట, బాగుందన్నాడట, రేంజ్‌లో కాల్చాడట. భుజం కమిలింది. నేను నవ్వలేదు, అంటే పైకి నవ్వలేదు. కాసేపు నసిగి, అసలు సంగతి అడిగాడు.

"మామా, ఆ పాత కర్రకు అవిసె నూనె పట్టియ్యాలంటివి గదా. ఎన్నిసార్లు పట్టియ్యాలె?"