బాంబర్ మీద "హైదరాబాద్" అని ఎవరు రాశారు? ఆస్ట్రేలియా పైలట్ నుంచి నిజాంసాగర్ కాల్వ దాకా

ఈ వారం ఎపిసోడ్ అసలు ఒక్క మనిషి గురించే చేద్దామనుకున్నా. ఆస్ట్రేలియా అబ్బాయి, పేరు రాడన్ హ్యూమ్ మిడిల్టన్. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్. స్క్రిప్ట్ సగం రాసినంక ఆయన పనిచేసిన స్క్వాడ్రన్ పూర్తి పేరు చూసి ఆగిపోయా. ఆ పేరు పట్టుకుని పోతే కథ తిరిగి తిరిగి మన బాన్సువాడ కాల్వ దగ్గరికే వచ్చింది. ఎట్లనో చెప్తా, చివరి దాకా ఉండండి.

ముందు మిడిల్టన్ ఎవరు?

1916 జులై 22న సిడ్నీలో పుట్టాడు. పెద్ద పెద్ద గొర్రెల ఫారాల్లో పని నేర్చుకుంటూ పెరిగిన మనిషి. యుద్ధం మొదలైంది. 1940 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా వైమానిక దళంలో చేరాడు. ట్రైనింగ్ కొంత అక్కడ, కొంత కెనడాలో. ఆ తర్వాత ఇంగ్లండ్. అంటే తన దేశం తరఫున చేరి, వేరే దేశం స్క్వాడ్రన్‌లో, మూడో దేశం మీద బాంబులు వేయడానికి పోయాడన్నమాట. అప్పట్లో బ్రిటిష్ సామ్రాజ్యంలో ఇదంతా మామూలే.

ఆయనకి ఇచ్చిన విమానం స్టిర్లింగ్. నాలుగు ఇంజిన్ల భారీ బాంబర్. దానికి ఒక పెద్ద లోపం ఉంది. ఎక్కువ ఎత్తుకు ఎగరలేదు. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి.

1942 నవంబర్ 28 రాత్రి. టార్గెట్ ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న ఫియట్ ఫ్యాక్టరీ. మధ్యలో ఆల్ప్స్ పర్వతాలు. ఎత్తుకు పోలేని విమానాన్ని, చీకట్లో, మంచు కొండలు దాటించాలి. ఆ ప్రయత్నంలోనే పెట్రోల్ చాలా ఖర్చయిపోయింది. అక్కడే వెనక్కి తిరిగొచ్చినా తప్పు పట్టేవాళ్లు లేరు. కానీ ముందుకే పోయాడు.

ట్యూరిన్ మీద ఒక షెల్ కాక్‌పిట్‌లోనే పేలింది. మిడిల్టన్ కుడి కన్ను పోయింది. ముఖం మీద ఎముక బయటపడింది. ఒంటి మీద, కాళ్ల మీద కూడా గాయాలే. స్పృహ తప్పాడు. విమానం 800 అడుగులకు దిగిపోయింది. పక్కనున్న రెండో పైలట్‌కి కూడా తలకి, కాళ్లకి దెబ్బలు. అయినా ఆయనే విమానాన్ని పైకి లేపాడు. బాంబులు వేశారు. మిడిల్టన్ తేరుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఒకసారి ఊహించండి. పగిలిన అద్దంలోంచి చలిగాలి ముఖాన కొడుతోంది. ఒకే కన్ను. మాట్లాడితే రక్తం. అట్లనే నాలుగు గంటలు నడిపి ఫ్రాన్స్ తీరానికి వస్తే, అక్కడ మళ్లీ కాల్పులు. ఎట్లనో ఇంగ్లండ్ తీరం చేరారు. అప్పటికి మిగిలిన పెట్రోల్ ఐదు నిమిషాలకే సరిపోతుంది.

నేల మీద దించడానికి ట్రై చేస్తే మొత్తం ఎనిమిది మందీ పోవచ్చు. తీరం వెంట నడుపుతూ అందరినీ దూకమన్నాడు. ఐదుగురు పారాచూట్లతో దిగి బతికారు. ఇంజనీర్ జేమ్స్ జెఫ్రీ, ముందు గన్నర్ జాన్ మాకీ మాత్రం ఆయనకి సాయంగా ఆఖరి దాకా ఉండి దూకారు. ఇద్దరూ సముద్రంలో మునిగిపోయారు. మిడిల్టన్ విమానంతో పాటే సముద్రంలో పడ్డాడు. 1943 ఫిబ్రవరి 1న ఆయన శవం డోవర్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వయసు 26. ఆయనకి అది 29వ దాడి. అప్పట్లో 30 పూర్తి చేస్తే ఒక టూర్ అయిపోయినట్టు. బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో దాన్ని అందుకున్న మొదటివాడు ఆయనే.

ఇది ఒక్కరి బ్యాడ్ లక్ కాదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో విమానాలెక్కినవాళ్లు దాదాపు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573. అంటే ప్రతి పది మందిలో నలుగురికి పైనే. మనం సినిమాల్లో చూసే హీరోయిజం వెనకాల లెక్క ఇదీ.

మరి ఆ పేరు సంగతేంటి?

మిడిల్టన్ స్క్వాడ్రన్ పేరు 149, "ఈస్ట్ ఇండియా" స్క్వాడ్రన్. ఇంగ్లండ్‌లో ఉన్న దళానికి ఇండియా పేరెందుకు? యుద్ధం ఖర్చుకు డబ్బిచ్చిన ప్రాంతాల పేర్లు, రాజుల పేర్లు స్క్వాడ్రన్లకు పెట్టడం అప్పట్లో అలవాటు. ఆ లిస్టు చూస్తూ పోతే ఒకటి కాదు, మూడు చోట్ల మన పేరు కనిపించింది. 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. చివరి రెండూ ఫైటర్ దళాలు. 110 మాత్రం బాంబర్లది. దాని కథ మొదటి ప్రపంచ యుద్ధంలోనే మొదలైంది.

1918లో ఆ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఏ అనే కొత్త బాంబర్లు వచ్చాయి. డబ్బు ఇచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. విమానం మీద నిజాం బహుమతి అని, "హైదరాబాద్" అని, పక్కన ఒక నంబర్ రాసేవారు. అందులో ఒకటి హైదరాబాద్ నంబర్ 12ఏ. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి పోయి తిరిగి రాలేదు. అందులో ఉన్న కెప్టెన్ ఇంగ్లిస్, బాడ్లీ ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు తీసుకుపోయి బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్‌లో, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

1939లో ఇంకో ట్విస్ట్. సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మరుసటి రోజే జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడికి ముందు నడిచింది ఈ 110 హైదరాబాద్ స్క్వాడ్రనే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం

అదే నిజాం కాలంలో, 1923 నుంచి 1931 దాకా, మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఈరోజుకీ మన బాన్సువాడ చుట్టూ వరి పండుతోందంటే ఆ కాల్వ నీళ్లే కారణం. కాబట్టి "నిజాం దోచుకున్నాడు, అంతే" అని వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్ పూర్తి నిజం కాదు.

అట్లని "మన నిజాం ప్రపంచానికే విమానాలిచ్చిండు" అని కాలరెగరేసే ఫార్వర్డ్ కూడా పూర్తి నిజం కాదు. ఎందుకంటే ఆ డబ్బు ఎక్కడిది? ఖజానా నుంచి పోయినా, సర్ఫ్-ఎ-ఖాస్ అనే నిజాం సొంత భూముల ఆదాయం నుంచి పోయినా, దాని మూలం చాలావరకు రైతు కట్టిన శిస్తే. ఆ రైతును ఎవరూ అడగలేదు. అడగడానికి ఎన్నికైన సభ కూడా లేదు. 1918లోనే బ్రిటిష్ వాళ్లు నిజాంకి "హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్" బిరుదు, "నమ్మకమైన మిత్రుడు" అనే హోదా ఇచ్చారు. రైతుకి ఏమొచ్చింది? రెండో యుద్ధం నాటికి లెవీ వచ్చింది. పండినా పండకపోయినా ఇంత ధాన్యం ఇవ్వాల్సిందే అన్న రూలు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన కోపాల్లో ఆ లెవీ కూడా ఒకటి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే "లెవీ" అని ఒక్క మాట అనండి. వాళ్లే మిగతాది చెప్తారు.

ఇక్కడే నాకు మిడిల్టన్ మళ్లీ గుర్తొచ్చాడు. ఆయన కన్ను పోగొట్టుకున్నాడు, ప్రాణమూ పోగొట్టుకున్నాడు, కానీ కనీసం తన పేరు మిగిలింది. జెఫ్రీ, మాకీల పేర్లు వెతికితే గానీ దొరకవు. విమానం మీద నిజాం పేరుంది. ఆ విమానానికి వడ్లమ్మి శిస్తు కట్టిన మనిషి పేరు ఎక్కడా లేదు. యుద్ధం బిల్లు ఎప్పుడూ ఇట్లనే ఉంటుంది. కట్టేవాళ్లు ఎక్కువ, రసీదు మీద పేరు ఒక్కటే.

మీలో ఎవరైనా లండన్‌లో చదువుకుంటుంటే, ఒక ఆదివారం ఆ మ్యూజియానికి పోయి 12ఏ ముందు నిలబడండి. ఫోటో తీస్తే నాకూ పంపండి. అది చూసేటప్పుడు పైలట్లతో పాటు, మంజీర ఒడ్డున నాగలి పట్టిన మనిషిని కూడా ఒక్క క్షణం తలుచుకోండి.

ఈరోజుకి ఇంతే. మీ ఇంట్లో లెవీ కథలేమైనా ఉంటే కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటా మరి.