కోడింగ్ రాకున్నా డేటా సెంటర్‌లో కొలువు

డేటా సెంటర్ అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్, సాఫ్ట్‌వేర్. కానీ సర్వర్లను నడిపేది కరెంటు. అందులో కొంత మన రామగుండం, జైపూర్ ప్లాంట్ల నుంచి గ్రిడ్‌లోకి వెళ్లేదే.

రామగుండం ఎన్టీపీసీలో బొగ్గు యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. అక్కడి రిజర్వాయర్‌పైనే దాదాపు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జులైలో పూర్తిస్థాయిలో మొదలైంది. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్లపై తేలే వేదికల మీదే ఉంటాయి. ప్యానెళ్ల నీడకు నీరు ఆవిరవడమూ తగ్గుతుంది. కాలేజీ తరఫున అనుమతి అడిగి ఒకసారి చూసి రండి.

అయితే పొద్దుగూకితే సోలార్ ఆగుతుంది, సర్వర్ ఆగదు. అందుకే వాడకం తగ్గించడమే అసలు పని. దాన్ని కొలిచే లెక్క పేరు పీయూఈ. సర్వర్లకు 100 యూనిట్లు అందించడానికి సెంటర్ మొత్తం 150 యూనిట్లు వాడితే పీయూఈ 1.5. అదనంగా పోయిన ఆ 50లో ఎక్కువ భాగం సాధారణంగా కూలింగ్‌దే. ఈ అంకెను 1కి దగ్గర చేసేవాళ్లు కావాలి. ట్రిపుల్ ఈ వాళ్లకు యూపీఎస్‌లు, మెకానికల్ వాళ్లకు చిల్లర్లు, ఐటీఐ, పాలిటెక్నిక్ వాళ్లకు మెయింటెనెన్స్. నైట్ షిఫ్టులు తప్పవు, ముందే చెబుతున్నాం!

జగిత్యాల, మంథని జేఎన్టీయూ కాలేజీల్లో, బాసర ట్రిపుల్ ఐటీలో చదివేవాళ్లు క్యాంపస్ సర్వర్ గదికే పీయూఈ లెక్కగట్టి ఫైనలియర్ ప్రాజెక్టుగా చూపొచ్చు. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ తర్వాత బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ మేనేజర్ పరీక్షపై దృష్టి పెట్టండి. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.