వాపు కీళ్లలో, ముప్పు గుండెకు

కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుంటే గుండెకు ఢోకా లేదనుకుంటాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి ఆ ధీమా పనికిరాదు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు వారి రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గుండెపోటు ముప్పు మాత్రం పెరుగుతుంది.

వయసు మళ్లాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి కాదిది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవారికన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, పిడికిలి ముడవాలన్నా, జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా గంటసేపు పడుతుంది. ఈ వాపును రగిలించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు కీళ్ల దగ్గరే ఆగవు. రక్తంతోపాటు ఒళ్లంతా తిరుగుతూ రక్తనాళాల లోపలి గోడను దెబ్బతీస్తాయి. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఆ పూడిక చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. కొందరిలో గుండె చుట్టూ ఉండే పొర వాస్తుంది, మరికొందరిలో గుండె కండరమే బలహీనపడుతుంది.

24 అధ్యయనాల్లోని లక్షా 11 వేల మందికి పైగా రోగుల వివరాలను 2008లో కలిపి పరిశీలించారు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు వీరిలో 50 శాతం ఎక్కువని తేలింది. అందుకే మామూలు పద్ధతిలో లెక్కగట్టిన గుండె ముప్పును వీరి విషయంలో 1.5తో హెచ్చవేయాలని యూరప్ కీళ్లవైద్యుల సంఘం ‘యూలార్’ సూచించింది.

మరో చిక్కేమిటంటే, ప్రమాదం చాలాసార్లు చప్పుడు చేయదు. అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీ రోగులపై 2005లో వెలువడిన అధ్యయనంలో, ఛాతీనొప్పి ఉందన్నవారు ఇతరులకన్నా తక్కువ. తెలియకుండా వచ్చిపోయిన గుండెపోట్లు మాత్రం ఎక్కువ. కీళ్లనొప్పులతో గబగబా నడవలేని మనిషికి గుండె ఇబ్బంది బయటపడే సందర్భమే రాకపోవచ్చు. ఆయాసం వచ్చినా, నీరసం కమ్మినా ‘వాతం వల్లేలే’ అని ఇంట్లోవాళ్లూ సరిపెట్టుకుంటారు.

నొప్పికి ఎవరికివారు మందుల షాపులో మాత్రలు కొనుక్కోవడం ఇంకో ప్రమాదం. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని రోఫెకాక్సిబ్ అనే నొప్పిమందును 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర విరివిగా వాడే డైక్లోఫెనాక్‌తోనూ ఆ జాగ్రత్త తప్పదు. దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు బీపీని, షుగర్‌ను పెంచుతాయి. వాపును అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ వాడేవారిలో గుండె సమస్యలు తక్కువగా కనిపించాయి. కాబట్టి నొప్పి తగ్గిందని, డాక్టరును అడగకుండా ఆ వారపు మాత్ర మానేయడం మంచిది కాదు.

బీడీ, సిగరెట్ ఈ జబ్బునూ, గుండెజబ్బునూ రెండింటినీ ఎగదోస్తాయి. వాటిని పూర్తిగా మానేయాలి. కొలెస్ట్రాల్ పరీక్ష జబ్బు శాంతించాక చేయించుకుంటే అంకెలు నమ్మదగినవిగా ఉంటాయి. బీపీ, షుగర్‌తో కలిపి కనీసం ఐదేళ్లకోసారి, మందుల్లో పెద్ద మార్పు జరిగినప్పుడు మరోసారి గుండె ముప్పును అంచనా వేయించుకోవాలి. కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంగతి రోగులే అడగొచ్చు.