సొంత ఇంటి కేసు



మన లైబ్రరీ బీరువాలో అట్టలు ఊడిపోయిన డిటెక్టివ్ నవలలు ఉన్నాయి గదా. వాటికోసం మనం ఎట్ట కొట్లాడుకుంటామో వార్డెన్ మేడం గారికి బాగా తెలుసు. కొమ్మూరి సాంబశివరావు గారు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మనకు చుట్టాల మాదిరి అయిపోయినారు. నేను చదివిన వాటిల్లో హత్య వేరేవాళ్ళ ఇంట్లో జరుగుతుంది. యుగంధర్ వస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు, హంతకుణ్ణి పట్టిస్తాడు, వెళ్ళిపోతాడు. రాత్రికి హాయిగా నిద్రపోతాడు. మరి చనిపోయింది డిటెక్టివ్ ఇంటి మనుషులే అయితే? అప్పుడు కేసు ఎట్ట నడుస్తుంది?

సుమారు 2400 ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో సోఫోక్లిస్ అనే ఆయన ఇట్టాంటి నాటకం రాశాడు. పాత రాజును చంపింది ఎవరని ఈడిపస్ అనే రాజు విచారణ చేస్తాడు. చంపింది తనే అనీ, చనిపోయింది తన కన్నతండ్రే అనీ చివరికి తేలుతుంది.

అంత దూరం కూడా పోబళ్ళేదు. మన మహాభారతం ఆదిపర్వంలోనే ఒక డిటెక్టివ్ ఉన్నాడు. (మన నెల్లూరు తిక్కన గారు విరాటపర్వం నుంచి రాశారు కాబట్టి ఇది ఆయన భాగంలో లేదు, నన్నయ గారిది.) ఆ డిటెక్టివ్ జనమేజయ మహారాజు. ఆయన తండ్రి పరీక్షిత్తు తక్షకుడనే పాము కరిచి చనిపోయినప్పుడు ఈయన చిన్నపిల్లవాడు. పెద్దయినాక ఉదంకుడనే ఆయన వచ్చి, మీ నాయనను చంపింది తక్షకుడు, నువ్వు ఊరికే కూర్చున్నావే అంటాడు. జనమేజయుడు మంత్రులను పిలిచి అడుగుతాడు. వాళ్ళు అంతా చెప్తారు. విషం దించగల కశ్యపుడు రాజును బతికించడానికి వస్తుంటే, తక్షకుడు దారిలో ఆపి ధనమిచ్చి వెనక్కి పంపించాడని కూడా చెప్తారు.

ఇక్కడ జనమేజయుడు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. మనుషులు లేని అడవిలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మీకెట్ట తెలిసింది అని అడుగుతాడు. యుగంధర్ అయినా అదే అడుగుతాడు. దానికి సాక్షి ఉన్నాడు. ఎండుపుల్లల కోసం చెట్టెక్కినవాడు! తక్షకుడు తన విషం ఎంతటిదో చూపించడానికి ఆ చెట్టును కాటేసి బూడిద చేస్తే వాడూ కాలిపోయినాడు. కశ్యపుడు చెట్టును బతికిస్తే వాడూ బతికి, ఊళ్ళోకి వచ్చి చెప్పినాడు. ఇంత పెద్ద కేసులో సాక్షి కట్టెలు ఏరుకునే మనిషి. మనవాళ్ళ మాదిరి.

అంతవరకు జనమేజయుడు మంచి డిటెక్టివే. ఆ తర్వాత కోపం వచ్చేసింది. సర్పయాగం పెట్టి, ఏ పాపం తెలియని పాములను వేలకు వేలు మంటల్లో వేయించాడు. ఆస్తీకుడు వచ్చి ఆపినాడు. తక్షకుడు మాత్రం తప్పించుకున్నాడు. ఇంకొకటి. ఉదంకుడికి తక్షకుడి మీద సొంత పగ ఉంది, ఆయన తెస్తున్న కుండలాలు తక్షకుడు ఎత్తుకుపోయినాడు. ఆ సంగతి ఆలోచించాలి గదా. తక్షకుడు ఉండే ఖాండవవనాన్ని కాల్చిన రోజు ఆయన భార్యను చంపింది అర్జునుడు, అంటే జనమేజయుడి ముత్తాతే. పరీక్షిత్తు చావుకు కథలో చెప్పే కారణం ముని కొడుకు శాపం. నాకైతే ఆ కాలిన అడవి కూడా కేసులో కాగితమే అనిపిస్తుంది. సొంత ఇంటి కేసులో విచారణ వెనక్కి తిరిగి మన ఇంటికే వస్తుంది. పరాయి డిటెక్టివ్‌కి ఆ బాధ లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా ఇంట్లో కూడా రెండు చావులు ఉన్నాయి. మా పెద్దన్న నేను పుట్టకముందు, మా అత్త నేను రెండో తరగతిలో ఉండగా పోయినారు. మాది ఉదయగిరి కొండ దిగువన గుడిసె. ఇద్దరూ రాత్రి బాగానే పడుకున్నారు. తెల్లారేసరికి లేరు. పక్క గుడిసె అవ్వ చేతబడి చేసిందని మావాళ్ళు అన్నారు. ఇద్దరూ అంతకుముందు ఆమె చేతి సంగటి తిన్నారంట. అప్పటినుంచి ఆ గుడిసెతో మాటల్లేవు.

నేను ఒక్కొక్కరినీ విడిగా అడిగినాను. మా అమ్మ "అడగబాకమ్మా" అని ఏడ్చింది. రెండో రోజు తనే చెప్పింది. ఇద్దరికీ వానాకాలమే. ఇద్దరూ నేల మీద పడుకున్నారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలిపోయినాయి, మాట ముద్దగా వచ్చింది, మింగలేకపోయినారు, ఊపిరి అందలేదు. వాపు లేదు, గాటు కనపడలేదు. అందుకే పాములు పట్టే మా తాత కూడా పాము అనుకోలేదు.

సైన్సు మేడం గారికి ఇవన్నీ రాసి చూపించాను. కట్లపాము కాటుకు ఇవే గుర్తులంట. అది రాత్రిపూట తిరిగి, నిద్రపోయే మనిషిని కరుస్తుంది. దాని కోరలు చిన్నవి, నొప్పి తెలియదు, గాటు ఒక్కోసారి కనపడనే కనపడదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయినారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. పోస్టుమార్టం జరగలేదు కాబట్టి కట్లపామే అని నేను ఒట్టు వేయను. సాక్ష్యాలు మాత్రం దానివైపే ఉన్నాయి. సంగటి వైపు ఒక్కటీ లేదు. ఆ సంగటి అవ్వ కూడా తినింది.

సెలవులకు ఇళ్ళకు పోయేవాళ్ళు నేల మీద పడుకోబాకండి. మంచం మీద, దోమతెర అంచులు బొంత కిందికి దోపి పడుకోండి. తెల్లవారుజామున ఎవరికన్నా కడుపునొప్పితో రెప్పలు వాలితే మంత్రగాడి కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి, ఉదయగిరో ఆత్మకూరో ఏది దగ్గరయితే ఆ పెద్దాసుపత్రికి తీసుకుపోండి. కట్లపాముకు విరుగుడు సూది ఉంది, ఊపిరికి మిషను పెడతారు.

అవ్వ సంగతి మావాళ్ళకు చెప్పినాను. మా నాయన ఏమీ అనలేదు. మా అమ్మ ఇంకా ఆ గుడిసెలోకి పోలేదు. కాని నీళ్ళకు పోయేటప్పుడు ఇదివరకు చుట్టు తిరిగి పొయ్యేది, ఇప్పుడు అవ్వ గుడిసె ముందునుంచే పోతోంది.