పదో తరగతి లెక్కలు: పునశ్చరణ ఎలా జరగాలి, సాయం ఎప్పుడు అందాలి



మీరిచ్చిన సొమ్ము పుస్తకాలకు, ఫీజులకు, యూనిఫారాలకు ఎలా ఖర్చయిందో ఈ సంచికలోని జమాఖర్చుల్లో చూస్తారు. జమాఖర్చుల్లో సరిగ్గా కనిపించని పని ఒకటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లోని పదో తరగతి పిల్లల చేత పరీక్షకు ముందు లెక్కలు మళ్లీ చేయించడం ఆ పని. అది ఎలా జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో దాతలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒక్క సబ్జెక్టు పోతే

2025 పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం మంది పాసయ్యారు. అంటే వందకు 19 మంది దాకా తప్పారు. మనకు తెలిసిన ఇళ్లలో తప్పిన పిల్లల్ని ఏం పోయిందని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు లెక్కలే.

తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. కానీ ఫలితాలు వచ్చిన వారానికే మగపిల్లవాడు మెకానిక్ షెడ్డుకో, టమాటా మండీకో వెళ్లిపోతాడు. ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలవుతుంది. సప్లిమెంటరీకి ఫీజు కట్టించేవారే ఉండరు.

గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలకు ఇందులో ఇంకో నష్టం ఉంది. పదో తరగతి పాసైనవారికి ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. పాసవని వ్యక్తి కువైట్, సౌదీ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ తిరుగుడులోనే చాలామంది ఏజెంట్ల చేతికి చిక్కుతారు. లెక్కల పేపరులో ఐదారు మార్కులు తగ్గితే దాని ఫలితం అంత దూరం పోతుంది.

పేపరు ఎలా ఉంటుంది

లెక్కల పేపరు 100 మార్కులకు. మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాసు మార్కు 35.

చిన్న ప్రశ్నలన్నీ సరిగ్గా రాసినా 12, 16 కలిపి 28 మార్కులే వస్తాయి. అందువల్ల బిట్లు బట్టీ పట్టి గట్టెక్కడం కుదరదు. కనీసం రెండు నాలుగు మార్కుల లెక్కలు పూర్తిగా చేయగలగాలి. అప్పుడు 36 అవుతుంది. చిన్న ప్రశ్నల్లో కొన్ని తప్పుతాయి కాబట్టి పెద్ద లెక్కలు నాలుగైదు చేతిలో ఉండాలి. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో ఇచ్చిన రెండింటిలో ఒకటి రాస్తే చాలు. పైగా సూత్రం రాసినందుకు, విలువలు సరిగ్గా వేసినందుకు కూడా మార్కులుంటాయి. జవాబు రాలేదని పేజీ మొత్తం కొట్టేసే అలవాటు మాన్పించడమే పునశ్చరణలో మొదటి పాఠం.

ముందు చేయించే పాఠాలు

పుస్తకంలో 14 పాఠాలున్నాయి. చదువులో వెనకబడిన పిల్లవాడికి అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. అందుకే కొన్నింటిని ముందు గట్టి చేయిస్తాం.

మొదటిది వాస్తవ సంఖ్యలు. క.సా.గు. దగ్గరే ఆగిపోయే పిల్లలున్నారు. వారికి మన ఇళ్లలో జరిగే విరాసత్ లెక్కనే చెబుతాం. భర్త చనిపోయాడు, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు 8లో ఒక వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు. 8కి, 3కి క.సా.గు. 24. ఆస్తిని 24 భాగాలు చేస్తే తల్లికి 3, కొడుకుకు 14, కూతురుకు 7. కూడి చూస్తే 24 సరిపోతుంది. క.సా.గు. ఎందుకో ఆ తర్వాత మళ్లీ చెప్పనక్కర్లేదు.

రెండోది వర్గ సమీకరణాలు. ఆల్జీబ్రా అనే పేరు వచ్చిందే బాగ్దాదులో 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అనే మాట నుంచి. ఆ గ్రంథం చివరి భాగమంతా వీలునామాల, వారసత్వపు లెక్కలే. అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39. రెండు వైపులా 25 కలిపితే ఎడమ పక్క (x+5) వర్గం, కుడి పక్క 64 అవుతాయి. x+5 అంటే 8, కాబట్టి x విలువ 3. మన పుస్తకం ప్రకారం −13 కూడా ఒక మూలమే. ఆ కాలంలో రుణ సంఖ్యల్ని జవాబుగా తీసుకోలేదు. ఈ లెక్క మనవాళ్లదే అని తెలిసినప్పుడు పిల్లల్లో బెరుకు కొంత పోవడం మేం గమనించాం.

మూడోది శ్రేఢులు. మొదటి వారం 50 రూపాయలు దాచి, వారం వారం 10 రూపాయలు పెంచుతూ పోతే 20వ వారంలో దాచేది ఎంత? పిల్లలు 250 అంటారు. సరైన జవాబు 240, ఎందుకంటే పెరుగుదల 19 సార్లే జరిగింది. ఈ ఒక్క తప్పును పదిసార్లు దిద్దితే ఆ పాఠంలో మార్కులు పోవు.

నాలుగోది త్రికోణమితి. 45 డిగ్రీల దగ్గర టాన్ విలువ ఎందుకు 1 అవుతుందో మసీదు ఆవరణలో కర్ర నిలబెట్టి నీడ కొలిస్తే తెలుస్తుంది. నీడ, కర్ర సమానమైన వేళ సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నీడను కొలిచి అస్ర్ వేళ తెలుసుకోవడం మన పెద్దలకు తెలిసిన విద్యే.

వీటి తర్వాత రేఖీయ సమీకరణాల గ్రాఫు, సరూప త్రిభుజాలు, సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం. పట్టిక శుభ్రంగా వేసే పిల్లలకు సాంఖ్యక శాస్త్రం మార్కులు పోవు.

భాషల మధ్య

మన పిల్లలు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడతారు. కుప్పంలో తమిళం, కన్నడం కూడా చెవిన పడతాయి. బడిలో పాఠం ఇంగ్లీషులో. ఉర్దూ మీడియంలో ముసల్లస్, దాయిరా, జావియా అని నేర్చుకున్న పిల్ల తర్వాత వాటినే త్రిభుజం, వృత్తం, కోణం అనో, ట్రయాంగిల్, సర్కిల్, యాంగిల్ అనో వినాలి. లెక్క వచ్చీ, మాట అర్థంకాక తప్పేది ఇక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత? జవాబు 4లో 3 వంతులు. ‘అట్ లీస్ట్’ అన్న మాటను పట్టించుకోని పిల్ల సరిగ్గా ఒక బొమ్మ అనుకుని 4లో 2 అని రాస్తుంది. అందువల్ల పునశ్చరణ చెప్పేవారికి లెక్కలతో పాటు పిల్లల ఇంటి మాట కూడా రావాలి. మన మొహల్లాల్లో డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలే ఈ పనికి బాగా సరిపోతున్నారు.

రంజాన్, పరీక్షలు, జకాత్

2024లోనూ, 2025లోనూ పదో తరగతి పరీక్షలు రంజాన్ నెలలో జరిగాయి. సహరీకి లేచి, రోజా ఉండి, తొమ్మిదిన్నరకు పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలు మన పిల్లలు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రాబోయే ఏళ్లలో ఆ నెల పునశ్చరణ జరిగే ఫిబ్రవరి రోజుల్లోకి వస్తుంది. రోజాతో, తరావీహ్‌తో అలసిన పిల్లల మీద కొత్త పాఠాలు మోపడం సాధ్యం కాదు. వారు ముందే నేర్చుకున్నవి తిరగేసుకోగలిగితే చాలు. అంటే అసలు పని డిసెంబరు, జనవరి నెలల్లోనే పూర్తి కావాలి.

సొమ్ము మాత్రం రంజాన్‌లోనే వస్తుంది. అప్పటికి పరీక్ష ముంగిట్లో ఉంటుంది. అప్పుడు కొన్న పాత ప్రశ్నపత్రాల కట్ట ఆ ఏడాది పిల్లలకు ఉపయోగపడదు.

జకాత్ సొమ్ము అర్హులైన బీదల చేతికే చేరాలన్నది మన ఉలమాల మాట. అందుకే పుస్తకాలు, పరీక్ష ఫీజు, బస్సు చార్జీ వంటివి అర్హులైన పిల్లలకు ఆ సొమ్ముతో ఇస్తాం. ట్యూటర్ల గౌరవ వేతనానికి, గది అద్దెకు, కరెంటు బిల్లుకు మాత్రం సదఖా, లిల్లాహ్ సొమ్మే కావాలి. ఎక్కువ కొరత దీనిలోనే ఉంది. నిసాబ్ కలిగినవారు ఏడాది నిండకముందే జకాత్ ఇవ్వవచ్చునని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. మీ ఇమామ్ సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకోండి.

మా మనవి ఒక్కటే. రంజాన్‌లో ఇవ్వదలచిన దానిలో కొంత భాగం నవంబరు చివరికే అందజేయండి. సొమ్ము ఇవ్వలేనివారు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి లెక్కలు చెప్పవచ్చు. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే తండ్రికి, పొద్దున్నే మండీకి పోయే తల్లికి పిల్లవాడి పక్కన కూర్చునే తీరిక ఉండదు. ఆ చోట మనం కూర్చోవాలి.