కంది వేరులోని ఎర్రదనము

గోదావరి ఉత్తరపు ఒడ్డున, మంచిర్యాల జిల్లాలో లక్సెట్టిపేట ఉన్నది. ఉత్తర తెలంగాణమున పత్తి సాళ్ల నడుమ కందిని అంతరపంటగా వేయుట రైతులకు వాడుకయే. పూతకు ముందు ఒక కంది మొక్కను మట్టితో సహా మెల్లగా పెకలించి, వేళ్లను కడిగి చూచినచో చిన్న చిన్న బుడిపెలు కనిపించును. ఒకదానిని బ్లేడుతో కోసిన, లోపల ఎర్రగా నుండును. మొక్కకు ఈ నెత్తుటి రంగు ఎక్కడిది?

బుడిపెలలో రైజోబియమ్ జాతి సూక్ష్మజీవులు నివసించును. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని ఉన్నను మొక్కలు దానిని నేరుగా గ్రహింపలేవు. ఈ సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మార్చి మొక్కకిచ్చును. మొక్క బదులుగా వాటికి ఆహారమిచ్చును. అయితే ఈ పనిచేయు ఎంజైము ప్రాణవాయువు తగిలిన చెడిపోవును. సూక్ష్మజీవులకో ప్రాణవాయువు లేనిదే గడవదు. ఈ చిక్కును తీర్చునది లెగ్‌హీమోగ్లోబిన్ అను ఎర్రని మాంసకృత్తు. అది ప్రాణవాయువును పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందించును. మన రక్తములోని హీమోగ్లోబిన్‌కు ఇది దగ్గరి చుట్టము. దీనిని 1939లో జపాను శాస్త్రజ్ఞుడు కూబో గుర్తించెను.

నత్రజనిని పట్టుటకు గోదావరి ఆవలి ఒడ్డున రామగుండము యూరియా కర్మాగారములో సహజవాయువు, అధిక పీడనము, అధిక ఉష్ణోగ్రత కావలెను. చేనిలో చల్లిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలియును. నూరేండ్ల లెక్కన అది అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కించును. నెమరువేయు పశువుల త్రేన్పులతో వెలువడు మీథేను సుమారు 27 రెట్లు వేడెక్కించును. పశువు తిన్న మేతలో అధికభాగము దాని బ్రతుకుకే ఖర్చగును. మాంసముగా మిగులునది స్వల్పము. కావుననే మాంసకృత్తులకు వేరు దారులు వెదకుచున్నారు.

ఒక దారి బుడిపెలోని ఎరుపు నుండియే వచ్చినది. సోయా వేళ్లలోని లెగ్‌హీమోగ్లోబిన్‌ను ఈస్టుచేత తయారుచేయించి, మొక్కల మాంసకృత్తులతో కలిపి, మాంసపు రుచిగల పదార్థమును అమెరికాలోని ఇంపాజిబుల్ ఫుడ్స్ సంస్థ 2016లో విక్రయింపసాగెను. రెండవది జంతుకణములను పాత్రలలో పెంచి మాంసము చేయుట. అట్టి మాంసమును 2013లో లండనులో వండి చూపిరి. 2019లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., జాతీయ మాంస పరిశోధన కేంద్రము ఈ పరిశోధనకు పూనుకొన్నవి. అయితే కణములను పెంచుటకు విద్యుత్తు చాల కావలెను. ఆ విద్యుత్తు జైపూరులోని సింగరేణి కేంద్రమువలె బొగ్గుతో తయారైనదైనచో లాభము తగ్గిపోవును.

మూడవ దారి పాతది: పప్పు. కందులలో నూటికి సుమారు 22 పాళ్లు మాంసకృత్తులున్నవి. బియ్యములో కొరతగా నుండు లైసీను పప్పులో సమృద్ధి. పప్పులో కొరతగా నుండు మెథియొనీను బియ్యములో మెరుగు. రెండును కలిపి తిన్న ఒకదాని లోటును మరియొకటి తీర్చును. మాంసము, గ్రుడ్లు అరుదుగా దొరకు బిడ్డకు వాటిని మానుమనుట తగదు. మితిమీరి తినువారు తగ్గింపవలెను. ఆ బిడ్డ కంచములో పప్పు చిక్కబడవలెను.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక పరీక్ష చేయింపవచ్చును. యూరియా ఎక్కువ వేసిన చోటినుండి ఒక కంది మొక్కను, వేయని చోటినుండి మరొకదానిని తెచ్చి బుడిపెలు లెక్కింపవలెను. నేలలో నత్రజని అధికమైనచో బుడిపెలు తగ్గును. కోసినప్పుడు ఎర్రగా ఉన్నవి పనిచేయుచున్నవి. ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉన్నవి పని చాలించినవి.