పీఎస్‌టీ ఫైలు
మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌లోని ఈమెయిళ్లను, చిరునామాలను, క్యాలెండర్‌ను కలిపి కంప్యూటర్‌లో ఒకే మూటగా దాచే ఫైలును పీఎస్‌టీ అంటారు. అన్నీ ఒకేచోట ఉండడం ఎంత సౌకర్యమో, అది చెడితే అన్నీ ఒక్కసారే అందకుండా పోవడం అంత ప్రమాదం. అవుట్‌లుక్ 2002 వరకు ఈ ఫైలు పరిమాణానికి పరిమితి 2 జీబీ మాత్రమే ఉండేది. ఫైలులో రాస్తుండగా కరెంటు పోయినా, డిస్కు దెబ్బతిన్నా లోపలి సూచికలు, అంటే ఏ మెయిల్ ఎక్కడుందో చెప్పే గుర్తులు, చెదిరిపోవచ్చు. అవుట్‌లుక్‌తోపాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే ఉపకరణం ఆ గుర్తులను సరిచూసి తిరిగి పేరుస్తుంది. చోటు తెలియని మెయిళ్లను ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో చేరుస్తుంది. బాగుచేయలేని భాగాలను అది తొలగించే అవకాశమూ ఉన్నందున, మరమ్మతుకు ముందే ఫైలు నకలును వేరే డిస్కులో భద్రపరచుకోవాలి.